రంగనాయకులు తోటకి వచ్చే పొన్నంకి పిట్ట

రంగనాయకులు సాధించిన మొదటి ఘనకార్యం ఇది. పందొమ్మిదివందల అరవై అయిదు, అక్టోబరు పదమూడు, అట్లతద్దె నాటి సాయంత్రం, పొన్నంకి పిట్టను ఒక్క ఈకైనా రాలకుండా చేతుల్లోకి తీసుకున్నాడు. తెనాలి కాలేజీ లెక్చరరు ప్రకాశరావుగారూ, ఆయన శిష్యులు నలుగురూ వలలు కట్టి సూర్యలంక సరుగుడు తోటల్లో వారం రోజులు కాపు కాసినా దొరకని పిట్ట అది. బాపట్లకి మూడు మైళ్ళ దూరాన, రేపల్లె రోడ్డు పక్కన, రంగనాయకులు కౌలుకి చేస్తున్న ఆకుతోటలో తన కాళ్ళతో తనే బుట్టలోకి నడిచివచ్చింది.

ఊరికే రాలేదు లెండి. దాని వెనక పదకొండు రోజుల అవస్థ ఉంది.

ఆకుతోట చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వరసలు వరసలుగా అవిసె చెట్లు. ఆ చెట్లని పట్టుకుని పైకి పాకిన తమలపాకు తీగలు. వరసకీ వరసకీ మధ్య నీళ్ళు పారే బోదె. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా, గుడిలో ఉన్నట్టు మసక మసకగా ఉంటుంది. కింద రాలిన ఆకు, తడి మట్టి, మట్టి తిరగేస్తే వానపాములు. చెప్పులతో ఎవరూ లోపలికి అడుగుపెట్టరు. కలెక్టరొచ్చినా గట్టుమీద చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కునే దిగాలి. ఆకంటే లక్ష్మి. రంగనాయకులు పదేళ్ళ వయసులో జమ్ము పోచతో తీగలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ పని ఆయనకి కొట్టిన పిండి. బొటనవేలికి ఇనుప గోరు తగిలించుకుని ఆకు కోస్తుంటే పక్కవాడు రెండు కోసేసరికి ఈయన అయిదు కోసేవాడు. ఆయన కోసిన ఆకు తెనాలి బజారుకి వెళితే కట్ట విప్పకుండానే కొనేవాళ్ళు.

ఆ తోటలోకి ఏడాదికొకసారి, వానలు వెనకబట్టే రోజుల్లో, ఒక పిట్ట వస్తుందనీ, అయిదారు రోజులుండి పోతుందనీ, ప్రతి ఏడూ అదే పిట్ట తూర్పు నుంచి మూడో బోదెలోనే దిగుతుందనీ రంగనాయకులు అంటుండేవాడు. తెల్లవారుతూనే ఒకసారి, సందె వాలేప్పుడు ఒకసారి తల వెనక్కి వాల్చి రెండు ముక్కల ఈల వేస్తుంది. మిగతా పొద్దంతా నోరు మెదపదు. కుందేలు పిల్లలా గెంతుకుంటూ, ఆకులు ఎగజిమ్ముతూ, పురుగులు ఏరుకుంటుంది.

ఆ ఏడు సెప్టెంబరులో ప్రకాశరావుగారు బాపట్ల వచ్చారు. బొంబాయిలో ఉన్న పక్షుల సంఘంవాళ్ళు ఆయనకి చిన్న చిన్న అల్యూమినియం కడియాలు పంపారు. ఒక్కోదానిమీద ఒక్కో నంబరు. పిట్టని పట్టి, కాలికి కడియం వేసి వదిలేస్తే, మళ్ళీ ఎక్కడ దొరికినా ఆ నంబరుని బట్టి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో తెలుస్తుందట. టీకొట్టు దగ్గర ఈ సంగతి విని రంగనాయకులు తన పిట్ట మాట చెప్పాడు. లెక్చరరుగారు నవ్వి, ఒకే రకం పిట్టలు ఒకేలా ఉంటాయనీ, నిరుడు వచ్చింది ఇదేనని ఎలా చెబుతావనీ అడిగారు.

"మీ పెరట్లో వాలే కాకి రోజూ అదే కాకా?" అన్నారు.

"కాకి సంగతి నాకు తెలీదండి. ఇది మాత్రం అదే," అన్నాడు రంగనాయకులు.

కొట్టు దగ్గరున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి ఆయనకి 'పిట్టలదొర' అని పేరు. కోతలు కోసేవాడని అర్థం. రంగనాయకులు పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. మనిషికి సెంటు భూమి లేదు. ఉన్న ఆస్తల్లా మాటే. ఆ మాట ఇప్పుడు టీకొట్టు దగ్గర నవ్వులపాలయింది. అది నిలబెట్టుకోవాలంటే ఒకటే దారి: పిట్టకి కడియం వేయించాలి, అదే పిట్ట మళ్ళీ ఆ బోదెలోకే రావాలి.

తోటలో ఆయనతోపాటు పనిచేసే మత్తయి కాలువలో చేపల బుట్టలు పెట్టడంలో దిట్ట. ఇద్దరూ కూర్చుని జమ్ముతో మూతి వెడల్పుగా, పోనుపోను ఇరుకయ్యే బుట్ట ఒకటి అల్లారు. లోపల తడి మట్టి, ఎండుటాకులు, వానపాములు వేసి మూడో బోదెలో పెట్టారు. పదకొండు రోజుల్లో అందులో పడని ప్రాణి లేదు. గోరువంక పడింది, ముంగిస పడింది, రంగనాయకులు భార్య బసవమ్మ పెంచుకునే కోడిపెట్ట రెండుసార్లు పడింది. కోడిని విడిపించుకుంటూ బసవమ్మ, ఈయన నా పుట్టిల్లు ఏ వీధిలో ఉందో మర్చిపోతాడుగానీ పిట్ట ఏ బోదెలో దిగుద్దో మర్చిపోడు అని సాగదీసింది.

అట్లతద్దె నాడు ఊళ్ళో ఆడపిల్లలు ఉయ్యాలలూగుతున్నారు. తెల్లారగట్ల తోటలోంచి రెండు ముక్కల ఈల వినపడింది. సాయంత్రానికి పిట్ట బుట్టలో ఉంది.

కబురందుకుని ప్రకాశరావుగారు సూర్యలంక నుంచి సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చారు. బూట్లతో తోటలోకి దిగబోతే మత్తయి చేయి అడ్డం పెట్టాడు. ఆయన గొణుక్కుంటూనే విప్పారు.

రంగనాయకులు దోసిట్లో పిట్టను అందరూ వంగి చూశారు. వీపు లేత చిగురు పచ్చ. తలమీద నల్లటి పాపిట. కళ్ళకి కాటుక దిద్దినట్టు చెవులదాకా నల్ల పట్టీ. కంఠం తెలుపు, రొమ్ము పాలమీగడ రంగు, పొట్ట అడుగున పారాణి ఎరుపు. రెక్క కొంచెం విప్పితే మెడ దగ్గర నీలం తళుక్కుమంది. తోక బెత్తెడు కూడా లేదు. త్రాసులో పెడితే అయిదు తులాలు తూగింది. వేళ్ళ సందుల్లోంచి దాని గుండె కొట్టుకోవడం రంగనాయకులికి తన మోచేతిదాకా తెలిసింది. ఇంత చిన్న దానిలో అంత గట్టి గుండె ఎలా పట్టిందో ఆయనకి ఈనాటికీ తెలీదు.

కడియం నంబరు నాలుగువేల నాలుగువందల పదిహేడు. రంగనాయకులు ఆ అంకెల్ని తోటలోని తన పాక గుమ్మం మీద, ఆకులోకి వేసుకునే సున్నంతోనే పెద్దగా రాసుకున్నాడు. పిట్టని బోదెలోనే వదిలితే రెండు గెంతులు గెంతి, వెనక్కి తిరిగి చూసి, ఏమీ జరగనట్టు ఆకులు తిరగేయడం మొదలెట్టింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాతి ఏడే ఆయనకి తల తీసి మొలేసినంత పనయింది. అది చెప్పకుండా దాటేస్తే ఆయన గొప్ప తెలియదు.

పిట్ట దిగింది అట్లతద్దె నాడు కదా. అంచేత వచ్చే ఏడు కూడా అట్లతద్దెకే దిగుతుందని రంగనాయకులు మనసులో ముడివేసుకున్నాడు. లెక్చరరుగారికి కార్డు రాయించాడు. ఊరంతా చాటాడు. అరవై ఆరులో అధిక శ్రావణం వచ్చింది, పండగలన్నీ వెనక్కి జరిగాయి. అట్లతద్దె నవంబరు ఒకటికి పోయింది. ఇంకా వ్యవధి ఉంది కదా అని అక్టోబరు నెలంతా రంగనాయకులు రేపల్లె దగ్గర బావమరిది కొత్తగా వేస్తున్న ఆకుతోటకి సాయం వెళ్ళాడు. పండగకి రెండు రోజుల ముందు తిరిగొచ్చి బుట్ట పెట్టాడు. తెనాలి నుంచి లెక్చరరుగారూ, పన్నెండుమంది విద్యార్థులూ దిగారు. బసవమ్మ అందరికీ అట్లు పోసింది. రెండు పగళ్ళూ చూశారు. ఈలా లేదు, పిట్టా లేదు. ఊళ్ళోవాళ్ళు గట్టుమీద కూర్చుని, దొరగారూ మీ పిట్ట రైలు తప్పిందేమో, భట్టిప్రోలు స్టేషన్లో దిగిందేమో చూసి రమ్మంటారా అని అడిగారు. లెక్చరరుగారు అట్లు బాగున్నాయని బసవమ్మతో చెప్పి వెళ్ళారు. ఆ మర్యాదే రంగనాయకులికి ఎక్కువ గుచ్చుకుంది.

అంతా వెళ్ళాక మత్తయి తల గోక్కుంటూ వచ్చాడు. మూడు వారాల కిందటే తోటలో ఈల విన్నాననీ, అయిదు రోజులు వినపడి ఆగిపోయిందనీ చెప్పాడు. మరి కబురెందుకు పెట్టలేదని రంగనాయకులు అడిగాడు.

"నువ్వే గదా బాబాయ్ అట్లతద్దెకి వస్తదన్నావు. ఇది ముందే వచ్చింది గదా, దారినపోయేదేదో అనుకున్నా," అన్నాడు మత్తయి.

సరిగ్గా ఏ రోజో గుర్తుందా అంటే, ఎందుకు లేదు, మా రిబ్కా బాప్తిస్మం రోజుకి ముందు రోజు అన్నాడు. రిబ్కా అతని కూతురు. మత్తయి ఇంట్లో లూథరన్ చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు ఉంది. అక్టోబరు పద్నాలుగున కూతురి పేరున భార్య జ్ఞానమ్మ గుర్తు పెట్టుకుంది. కడియం వేసిన ఏడు కూడా పిట్ట దిగింది ఆ ముందు రోజే. అంతకు ముందు ఏడు, అంటే బాప్తిస్మం జరిగిన ఏడు కూడా, పసిపిల్లని ఎత్తుకుని చర్చికి తీసుకెళ్ళే ముందు రోజు పొద్దున్నే ఆ ఈల విన్నానని జ్ఞానమ్మ చెప్పింది.

రంగనాయకులు ఆ క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. మూడేళ్ళు. అక్టోబరు పదమూడు, పదమూడు, పదమూడు. పంచాంగం తీయించి చూస్తే ఆ రోజు మూడేళ్ళూ చిత్త కార్తె మూడో రోజే. తిథులు చంద్రుడి వెంట పోతాయి, ముందుకీ వెనక్కీ జరుగుతాయి. కార్తెలు సూర్యుడివి, జరగవు. అందుకే రైతు విత్తనం వేసేది కార్తె చూసిగానీ తిథి చూసి కాదు.

"పంటకి కార్తె చూసేవాణ్ణి, పిట్టకి పండగ చూశాను. దానికి మన పండగలతో ఏం పనిరా మత్తయీ," అన్నాడు.

ఎక్కడో ఉత్తరాన, హిమాలయాల కింది అడవుల్లో పిల్లల్ని పెంచుకుని, చలి రాకముందే రాత్రిళ్ళు ఎగురుకుంటూ దక్షిణాదికి, లంకదాకా పోయే పిట్ట అది. ఎవరూ దారి చూపరు. చేతిలో పంచాంగం లేదు. అయినా కార్తె తప్పదు, బోదె తప్పదు.

రెండో ఘనకార్యం అరవై ఏడులో. ఈసారి ఊరికి చాటలేదు. లెక్చరరుగారికి ఒక్కరికే కార్డు వెళ్ళింది: 'చిత్త మూడో రోజు, శుక్రవారం, అక్టోబరు 13. పోయినసారి తప్పు నాది, పిట్టది కాదు.' ఆయన వచ్చారు. ఎవరూ చెప్పకుండానే బూట్లు రోడ్డుమీదే విడిచి, కాళ్ళు కడుక్కుని, గట్టుమీద గొంతుక్కూర్చున్నారు. తెల్లవారుతూ ఉండగా ఈల వినపడింది. లెక్చరరుగారు రంగనాయకులు మొహంలోకి చూశారు. మధ్యాహ్నానికి పిట్ట బుట్టలో పడింది.

బుట్టలోంచి తీస్తుంటే రంగనాయకులు దాని కాలివైపు చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. కడియం లేకపోతే పిట్టలదొర పేరు చచ్చేదాకా పోదు. కళ్ళు మూసుకుని వేలితో తడిమాడు. చల్లగా, గుండ్రంగా తగిలింది. అప్పుడు కళ్ళు తెరిచి ఒక్కో అంకె పైకి చదివాడు. "నాలుగు." పాక గుమ్మం దగ్గర నిలబడ్డ మత్తయి సున్నపు రాత చూసి, "నాలుగే బాబాయ్," అన్నాడు. "మళ్ళీ నాలుగు." "అవును." "ఒకటి." "ఒకటే." చివరి అంకె దగ్గర రంగనాయకులు పిట్ట కాలిని లెక్చరరుగారి వైపు తిప్పాడు. ప్రకాశరావుగారు వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏడు," అన్నారు. ఆ తర్వాత ఆయన అక్కడే బురదలో కూలబడ్డారు. రెండేళ్ళలో ఇది ఎన్ని వేల మైళ్ళు ఎగిరిందో తెలుసా నాయనా అన్నారు.

ఊళ్ళో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. టీకొట్టతను నెల రోజులు రంగనాయకులు దగ్గర టీ డబ్బులు పుచ్చుకోలేదు. బొంబాయి నుంచి రంగనాయకులు పేరుమీద, ఇంటిపేరుతో సహా, ఉత్తరం వచ్చింది. దాన్ని పటం కట్టించాడు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి తెనాలి కాలేజీకి పిలిపించి, విద్యార్థుల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అరగంట మాట్లాడాడు. అది మూడో ఘనకార్యం.

ఆ రోజే లెక్చరరుగారు ఒక పెద్ద బొమ్మల పుస్తకం విప్పి చూపించారు. ఈ పిట్ట ఒంటరిది కాదు, దీనికి లోకమంతా బలగం ఉంది, ముప్ఫై రకాల దాకా. మలయా అడవుల్లో నీలి రెక్కలది ఉంది. బోర్నియోలో పొట్ట దానిమ్మగింజ రంగుది ఉంది. నేపాల్లో మెడ వెనక నీలం పూసుకున్నది ఉంది. ఆఫ్రికాలో ఒకటి, ఆస్ట్రేలియాలో ఒకటి. అన్నీ చీకటి అడవుల్లో నేలమీద ఆకులు తిరగేసుకు బతికేవే. శాస్త్రంవాళ్ళు పెట్టే పేర్లలో మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఆ బలగానికంతటికీ ఇంటిపేరు 'పిట్ట'. అచ్చంగా మన పిట్టే. రెండొందల యాభై ఏళ్ళ కిందట మద్రాసు కోటలో ఉన్న ఇంగ్లీషు డాక్టరు ఒకాయన ఈ పిట్టని, ఇక్కడివాళ్ళు పిలిచే పేరుతో సహా సీమకి పంపాడట. బోర్నియోలో పుట్టినా, ఆఫ్రికాలో పుట్టినా మన మాటే దాని ఇంటిపేరయింది. ఇంకో సంగతి కూడా చెప్పారు. గోరువంకకీ, పిచ్చుకకీ ఉన్న పాట నేర్చే గొంతు వీటికి లేదు. ఆ రెండు ముక్కల ఈల ఎవరూ నేర్పరు, గుడ్డులోంచే తెచ్చుకుంటుంది.

రంగనాయకులు ఆ బొమ్మలన్నిటిమీదా చెయ్యి తిప్పాడు. ఇంటికొచ్చి బసవమ్మతో, మన పిట్టకి చుట్టాలు చాలామంది ఉన్నారే అని మాత్రం అన్నాడు.

అరవై ఎనిమిదిలో కూడా పిట్ట వచ్చింది, కడియం ఉంది, నంబరు అదే. ఇక ఆ మాటకి తిరుగులేదనుకున్నారు.

ఈ ఏడు, అరవై తొమ్మిది మే నెలలో తుఫాను వచ్చింది. బాపట్ల నుంచి రేపల్లెదాకా నిలబడ్డ తోట లేదు. రంగనాయకులు తోటలో అవిసె చెట్లు నడుముకి విరిగాయి. ఆరేళ్ళు కట్టిన తీగలు బురదలో కుళ్ళాయి. పాక కొట్టుకుపోతే గుమ్మం చెక్క ఒక్కటి కాలవ గట్టున దొరికింది. దానిమీద సున్నపు అంకెలు సగం చెరిగాయి. రంగనాయకులు దాన్ని కడిగి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ వేళకి పిట్ట ఉత్తరాన ఎక్కడో గుడ్లు పొదుగుతూ ఉండి ఉంటుంది. దిగాల్సిన నీడ లేదని దానికెవరు చెబుతారు?

భూమి సొంతదారు సాంబశివరావుగారు పాతకాలపు రైతు, చెడ్డవారు కాదు. తోట మళ్ళీ నిలబెట్టే ఓపిక ఎవరికీ లేదు, కొత్తగా వచ్చిన ఐ.ఆర్. ఎనిమిది వరి వేద్దామన్నారు. రంగనాయకులు ఆయన అరుగు దగ్గరికి వెళ్ళి, మూడో బోదె ఉన్న పాతిక సెంట్లు మాత్రం వదలమని అడిగాడు.

"పిట్ట కోసం పొలం బీడు పెట్టమంటావేంట్రా?" అన్నారు సాంబశివరావుగారు.

"బీడు కాదండి బాబుగారూ, నీడ పెడతాను. అయిదేళ్ళ నుంచి ఆ బోదె దాని దారిలో ఉంది. అంత దూరం నుంచి వచ్చేదాన్ని నడివాకిట్లోంచి తోలేయకూడదు గదండీ."

సాంబశివరావుగారు కాసేపు ఆకు నమిలి, ఈ పంటకి ఆ పాతిక సెంట్లూ వదిలేస్తానన్నారు. పిట్ట వస్తే ఆ ముక్క ఆకుతోటకే, కౌలు రంగనాయకులిదే. రాకపోతే మినుముకి దున్నించేస్తారు. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

ఆ రోజు నుంచి రంగనాయకులు పడ్డ పాటు ఊరంతా చూసింది. మే నెల దాటకముందే అవిసె విత్తు నాటాడు. అవిసె త్వరగా ఎదుగుతుంది, అయినా పిట్టకి సరిపడా నీడ కావాలంటే నాలుగు నెలలు చాలవు. చెట్ల మధ్య తాటాకులు అడ్డం కట్టాడు. రేపల్లె బావమరిది తోటలో ఒకమూల బతికిన తీగల్లోంచి ముక్కలు బస్సులో, తడి గోనెలో చుట్టి తెచ్చాడు. నేలమీద ఆకు లేకపోతే వానపాములుండవు, వానపాములు లేకపోతే పిట్ట దిగదు. మత్తయి, జ్ఞానమ్మ, బసవమ్మ తుఫానుకి పడ్డ మామిడి, జీడిమామిడి చెట్ల కింద నుంచి గంపలతో ఆకు మోశారు. నూట నలభై గంపలు. పిట్టలదొర అని మొదట పేరుపెట్టిన టీకొట్టతను పది గంపలు మోశాడు. గట్టుమీదే చెప్పులు విడిచాడు. అక్కడ అప్పటికి తోటంటూ ఏమీ లేదు, మోకాలెత్తు మొక్కలు తప్ప. అయినా విడిచాడు.

ఇప్పుడు అవిసెలు మనిషి మీద మనిషి నిలబడ్డంత ఎత్తున ఉన్నాయి. తీగ రెండు మూరలు పాకింది. మూడో బోదెలో నీళ్ళు తిరుగుతున్నాయి. చుట్టూ వరి పచ్చగా, మధ్యలో పాతిక సెంట్ల నీడ. ఆకాశంలోంచి చూస్తే అరచేతిలో పుట్టుమచ్చంత ఉంటుందేమో. అంత పైనుంచి, అంత చీకట్లో, అయిదు తులాల ప్రాణి దాన్ని వెతుక్కోవాలి. వయసు కూడా మళ్ళింది దానికి.

రాకపోతే ఏం చేస్తావని ప్రకాశరావుగారు అడిగారు. మాట పోతే పోయిందండి, అది క్షేమంగా ఉంటే చాలు అన్నాడు రంగనాయకులు. మళ్ళీ తనే, "వస్తదండి," అన్నాడు. సాంబశివరావుగారు కూడా పదమూడో తేదీ పొద్దున గట్టుమీదకి వస్తానని కబురుపెట్టారు. జ్ఞానమ్మ క్యాలెండరులో ఈసారి పద్నాలుగు పక్కనే పదమూడుకి కూడా గుర్తు పెట్టింది. బుట్ట ఇంకా పెట్టలేదు. ఈల వినపడితే చాలు, ఆ తర్వాతే పెడతామన్నారు.

ఇక అందరూ ఎదురుచూస్తున్నది ఆ పొద్దు కోసమే: చిత్త కార్తె మూడో రోజు, సోమవారం, పందొమ్మిదివందల అరవై తొమ్మిది, అక్టోబరు పదమూడు.